ఇంగ్లీషు నేర్పడం నేర్చుకుంటూ

ఇంగ్లీషును రెండో భాషగా నేర్పే టీచర్ల శిక్షణలో ప్రతి పాఠానికీ ముందు ఒక లెసన్ ప్లాన్ రాసి ఇవ్వాలి. పాఠం ఉద్దేశం ఏమిటి, ఏ దశకు ఎన్ని నిమిషాలు, ఏ దశలో ఎవరు ఎవరితో మాట్లాడాలి, ఏయే కాగితాలు, బొమ్మలు కావాలి వంటి గడులన్నీ కాస్త ఓపిక పడితే నిండిపోతాయి. వాటి మధ్యలో ‘విద్యార్థులకు ఎదురు కాగల ఇబ్బందులు, వాటికి పరిష్కారాలు’ అనే గడి ఒకటి ఉంటుంది. శిక్షణ కాలమంతటా నా చేత అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఆ ఒక్క గడి. దాన్ని నింపాలంటే మనకు ఇంగ్లీషు తెలిసి ఉండటం సరిపోదు. మనకు ఇంతగా అలవాటైన ఆ భాష ఎదురుగా కూర్చున్న మనిషికి ఎలా కనిపిస్తోందో, ఎలా వినిపిస్తోందో ముందుగానే ఊహించగలగాలి.

గతంలోని అలవాట్లను చెప్పే ‘యూస్డ్ టు’ అనే ప్రయోగాన్నే తీసుకుందాం. ఇంగ్లీషు బాగా వచ్చినవారికి ఇందులో నేర్పవలసినది ఏముందో తోచదు. కొత్తగా నేర్చుకునేవారికి మాత్రం ఆ పని ఒక్కసారి జరిగిందా, పలుమార్లు జరిగిందా, ఇప్పటికీ జరుగుతోందా అన్నది తేలాలి. మాట్లాడేటప్పుడు ‘యూస్డ్’ చివర ఉన్న ‘డ్’ తర్వాతి ‘ట’లో కలిసిపోతుంది కాబట్టి అది వారి చెవికి చేరదు, చెవికి చేరనిది రాతలోకి రాదు. వ్యతిరేకార్థంలో ‘డిడ్‌న్ట్’ వచ్చి చేరితే ఆ ‘డ్’ను రాతలో కూడా తీసేయాలి. ఇవన్నీ చాలవన్నట్టు, ఒక పరిస్థితికి అలవాటు పడి ఉన్నామని చెప్పే ‘ఐ యామ్ యూస్డ్ టు’ అనే వేరే ప్రయోగం దాదాపు అదే రూపంలో పక్కనే ఉంటుంది. ఇన్ని సంగతులు ముందుగా కాగితం మీద పెట్టుకున్న టీచర్ తరగతిలో తడబడరు.

‘అర్థమైందా?’ అని అడిగే అలవాటును ఈ శిక్షణలో మొదటి రోజుల్లోనే మాన్పిస్తారు. అర్థం కానివారు కూడా మర్యాద కోసమో, బెరుకు వల్లనో అయిందనే అంటారు. దానికి బదులు, ఒకప్పుడు సిగరెట్లు తాగి మానేసిన మనిషి గురించి ‘యూస్డ్ టు’తో ఒక వాక్యం బోర్డు మీద రాసి, అతను ఇప్పుడు తాగుతున్నాడా, మునుపు తాగేవాడా, ఒక్కసారేనా తరచుగానా అని మూడు చిన్న ప్రశ్నలు వేస్తారు. వీటిని కాన్సెప్ట్ చెకింగ్ ప్రశ్నలు అంటారు. ప్రశ్నలోని భాష నేర్పుతున్న భాష కంటే తేలికగా ఉండాలి, జవాబు ఒకటి రెండు మాటల్లో రావాలి, ఆ జవాబును బట్టి విద్యార్థి మనసులో ఏ అర్థం కుదురుకుందో టీచర్‌కు తెలియాలి. చూడటానికి సులువుగా ఉండే ఇలాంటి ప్రశ్నలు అప్పటికప్పుడు నోటికి రావు. కాబట్టి మాలో దాదాపు అందరం వాటిని ముందే రాసుకుని వెళ్లేవాళ్లం.

ఈ రంగంలో ఎక్కువగా వినిపించే సర్టిఫికెట్లు రెండు. ఒకటి కేంబ్రిడ్జ్ వారు ఇచ్చే సెల్టా, రెండోది లండన్ ట్రినిటీ కాలేజీ వారు ఇచ్చే సెర్ట్ టీసాల్. మొదటిదానికి కనీసం 120 గంటల శిక్షణ ఉండాలి, రెండోదానికి 130 గంటలు. రెండింటిలోనూ ట్యూటర్ల పరిశీలనలో నిజమైన విద్యార్థులకు 6 గంటల పాటు పాఠాలు చెప్పడం తప్పనిసరి. పూర్తికాలం చేస్తే నాలుగైదు వారాల్లో ముగుస్తాయి, ఆ వారాల్లో వేరే పనేదీ పెట్టుకోలేం. ఈ తరహా కోర్సులకు మూలం 1962లో లండన్‌లో జాన్ హేక్రాఫ్ట్ మొదలుపెట్టిన రెండు వారాల శిక్షణ. అంతకుముందు 1953లో ఆయన, భార్య బ్రీటా కలిసి స్పెయిన్‌లోని కోర్దొబాలో ఒక ఇంగ్లీషు పాఠశాల తెరిచారు. నడుస్తున్న పాఠశాలకు టీచర్లు కావలసి వచ్చి పుట్టిన శిక్షణ కాబట్టే, సిద్ధాంతం కంటే తరగతి గదికి అందులో ఎక్కువ చోటు దక్కిందని నాకు అనిపిస్తుంది.

నేను చేసినది ట్రినిటీ కోర్సు. అందులో మిగతా కోర్సుల్లో అరుదుగా కనిపించే భాగం ఒకటి ఉంది. శిక్షణ పొందుతున్నవారంతా తమకు అసలు పరిచయం లేని ఒక భాషను కొన్ని గంటలపాటు విద్యార్థులుగా నేర్చుకోవాలి, ఆ పాఠాల్లో తమకు ఏం జరిగిందో డైరీ రాయాలి. మాకు టర్కిష్ నేర్పారు. నేర్పినవారు మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా టర్కిష్ తప్ప మరో భాషలో ఒక్క మాట మాట్లాడలేదు. ఈ శిక్షణ మొత్తంలో నన్ను బాగా మార్చిన గంటలు అవేనని ఏ సందేహమూ లేకుండా చెప్పగలను.

మన భాషలో ఎంత చక్కగా మాట్లాడగలవారమైనా, తెలియని భాష ముందు కూర్చోగానే చెవులు పట్టు తప్పుతాయి. ఒక మాట ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో తెలియదు. టీచర్ ఒక వాక్యాన్ని రెండోసారి చెప్పేటప్పుడు ఒక్క మాట మార్చినా అది పూర్తిగా కొత్త వాక్యంలా వినిపిస్తుంది. అర్థం అయ్యేలా చెప్పాలన్న మంచి ఉద్దేశంతో టీచర్లు ఒకే విషయాన్ని నాలుగు రకాలుగా తిప్పి చెబుతుంటారు. విద్యార్థి స్థానంలో కూర్చుంటే ఆ నాలుగూ నాలుగు వేర్వేరు సమస్యలుగా ఎదురవుతాయి. అదే వాక్యాన్ని అదే వేగంతో, అవే మాటలతో మళ్లీ చెబితే ఎంత హాయిగా ఉంటుందో ఆ పాఠాల్లో తెలిసింది. విన్న మాటను బోర్డు మీద చూడాలనే ఆత్రుత, పక్కవారితో ఒక్కసారి సరిచూసుకున్నాకే నోరు తెరవాలనే కోరిక, పేరు పిలిచి అడుగుతారేమోననే బెదురు కూడా అందరిలో కనిపించాయి. విద్యార్థులను ముందు జంటలుగా మాట్లాడుకోనిచ్చి ఆ తర్వాతే తరగతి మొత్తం ముందు అడగాలని మా ట్యూటర్లు చెబుతూ వచ్చిన మాటకు కారణం అక్కడ నాకు స్వయంగా తెలిసింది.

అదే పాఠంలో ఇంకొకటి గమనించాను. టర్కిష్‌లో కూడా తెలుగులో లాగే కర్త, కర్మ, క్రియ అనే వరుస ఉంటుంది, విభక్తి ప్రత్యయాలు నామవాచకం చివర అతుక్కుంటాయి. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే తోటి ట్రైనీలు క్రియ కోసం వాక్యం చివరి దాకా ఆగలేక అవస్థ పడుతుంటే, నాకు ఆ వరుస ఏ శ్రమా లేకుండా పట్టుబడింది. అచ్చులు మాత్రం నన్నూ వదల్లేదు. ఒకే పాఠం, ఒకే టీచర్, అయినా ఎవరి కష్టం వారిదే, ఎందుకంటే ఎవరి మాతృభాష వారిది. విద్యార్థి మాతృభాష గురించి టీచర్ నాలుగు సంగతులైనా తెలుసుకుని తరగతిలోకి రావాలని నేను అప్పటి నుంచి గట్టిగా నమ్ముతున్నాను.

ఇక పాఠాలు చెప్పడం. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో ఒక విషయాన్ని స్పష్టంగా చెప్పారు. టీచర్ కాబోయే ప్రతి ఒక్కరూ అప్పటికే ఏళ్ల తరబడి బెంచీ మీద కూర్చుని టీచర్లను చూసి ఉంటారు కాబట్టి, శిక్షణలో చేరకముందే వారి మనసులో బోధన అంటే ఇదీ అనే చిత్రం స్థిరపడి ఉంటుంది. బెంచీ మీద నుంచి కనిపించేది టీచర్ మాట్లాడటం ఒక్కటే. ఆ మాటల వెనుక చేసుకున్న ఆలోచన, వదిలేసిన మార్గాలు కనిపించవు. అందుకే శిక్షణలో చేరినవారిలో చాలామంది తొలి పాఠాల్లో అదేపనిగా మాట్లాడతారు, వివరిస్తారు, మళ్లీ వివరిస్తారు. ట్యూటర్లు వెనుక కూర్చుని టీచర్ ఎంతసేపు మాట్లాడారు, విద్యార్థులు ఎంతసేపు మాట్లాడారు అన్నది రాసుకుంటారు. భాష నేర్చుకోవడానికి వచ్చినవారికి ఆ భాష మాట్లాడే అవకాశమే దొరకకపోతే ఆ గంట ఎవరిదని వారు అడిగే ప్రశ్న న్యాయమైనది.

మాట తగ్గించడంతో పాటు ఆగడం కూడా నేర్చుకోవాలి. ప్రశ్న వేశాక జవాబు కోసం టీచర్ ఎంతసేపు ఆగుతారన్నదాన్ని 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు తరగతుల్లో కొలిచారు. చాలామంది టీచర్లు సుమారు ఒక సెకను కంటే ఎక్కువ ఆగడం లేదని, ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచగానే పిల్లల జవాబులు పొడవవుతున్నాయని, మునుపు నోరు తెరవనివారు కూడా మాట్లాడుతున్నారని ఆమె గమనించారు. ఆ పిల్లలు తమకు వచ్చిన భాషలోనే జవాబు చెబుతున్నారు. రెండో భాషలో జవాబు చెప్పవలసిన మనిషి ముందుగా ప్రశ్నను విడదీసుకోవాలి, చెప్పదలచుకున్నది నిర్ణయించుకోవాలి, దానికి మాటలు వెతకాలి, వాటిని వరుసలో పెట్టాలి, ఆపైన ధైర్యం కూడగట్టుకోవాలి. అంత పని లోపల జరుగుతుండగా టీచర్ కల్పించుకుని జవాబు తానే చెప్పేస్తే ఆ శ్రమంతా వృథా అవుతుంది. తరగతిలోని నిశ్శబ్దం టీచర్‌కు ఉన్నదానికంటే చాలా పొడవుగా తోస్తుందని, దాన్ని భరించడం అభ్యాసంతో వస్తుందని మా ట్యూటర్ ప్రతి ఫీడ్‌బ్యాక్‌లోనూ గుర్తుచేసేవారు.

తప్పులను దిద్దడం ఇంతకన్నా సున్నితమైన విషయం. విద్యార్థి చేసే దోషాలు అతని బద్ధకానికో తెలివితక్కువతనానికో గుర్తులు కావని, అతను లోలోపల కట్టుకుంటున్న భాషా వ్యవస్థకు అవే సాక్ష్యాలని భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లో వాదించారు. తెలిసి కూడా నోరు జారడం వేరు, తెలియక నియమబద్ధంగా ఒకే తప్పు చేయడం వేరు అని ఆయన విడదీశారు. ఆ మధ్యస్థ వ్యవస్థకు 1972లో లారీ సెలింకర్ ‘ఇంటర్‌లాంగ్వేజ్’ అని పేరు పెట్టారు. మాతృభాషా కాని, నేర్చుకుంటున్న భాషా కాని ఆ నడిమి భాషకు తనదైన వ్యాకరణం ఉంటుంది. ‘గో’ను ‘గోడ్’గా మార్చిన విద్యార్థి ‘వెంట్’ ఎక్కడా విని ఉండకపోవచ్చు, భూతకాలానికి ‘డ్’ చేర్చాలన్న సూత్రం మాత్రం అతనికి పట్టుబడింది. ఈ దృష్టి అలవడిన టీచర్ ఎర్ర పెన్ను పట్టుకునే తీరే మారిపోతుంది.

మరి దిద్దేటప్పుడు ఎలా దిద్దాలి? టీచర్లలో ఎక్కువమంది చేసేది విద్యార్థి అన్న వాక్యాన్నే సరైన రూపంలో తిరిగి అనడం. దీన్ని రీకాస్ట్ అంటారు. రాయ్ లిస్టర్, లైలా రాంటా కెనడాలో ఫ్రెంచి నేర్పుతున్న ప్రాథమిక తరగతులను పరిశీలించి 1997లో ప్రచురించిన అధ్యయనంలో, టీచర్లు ఇచ్చిన దిద్దుబాట్లలో 55 శాతం ఇవేనని తేలింది. అయితే వాటిలో 31 శాతానికి మాత్రమే విద్యార్థుల నుంచి ఏదైనా స్పందన వచ్చింది. తప్పు దగ్గర ఆపి సరైన రూపం విద్యార్థి నోటి నుంచే రాబట్టే పద్ధతులకు ఎంతో మంచి స్పందన కనిపించింది. తర్వాత వచ్చిన పరిశోధనలు తరగతి స్వభావాన్ని బట్టి ఈ ఫలితం మారుతుందని చూపించాయి కాబట్టి, రీకాస్ట్‌లు పనికిరావని తేల్చేయకూడదు. అయినా నేను పాఠం చెప్పేటప్పుడు, విద్యార్థి తనంత తాను సరిచేసుకోగల తప్పు అనిపిస్తే వేళ్ల మీద మాటలు లెక్కపెట్టి తప్పిన చోట వేలు చూపించి ఆగుతాను. సరిచేసుకున్నాక వారి ముఖంలో కనిపించే తృప్తి నేను దిద్దినప్పుడు కనిపించదు. కథ చెబుతూ భావంలో మునిగి ఉన్నవారిని మాత్రం ఆపను. కాగితం మీద రాసుకుని చివర్లో పేరు చెప్పకుండా బోర్డు మీద పెడతాను.

ఉచ్చారణ పాఠాల గురించి క్లుప్తంగా చెబుతాను. బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో 44 ధ్వనులు ఉన్నట్టు లెక్క. వాటిని గుర్తులతో రాయడం కొంత కష్టపడితే వస్తుంది. అసలు కష్టం ఊనికలో, అంటే మాటలో ఏ భాగాన్ని ఒత్తి పలకాలన్నదానిలో ఉంది. ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద ఉన్న ఊనిక ‘ఫొటాగ్రఫర్’లో రెండోదాని మీదకు, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడోదాని మీదకు మారుతుంది, ఊనిక లేని అచ్చు నలిగిపోయి ష్వా అనే పొట్టి, బలహీనమైన అచ్చు అవుతుంది. ఇక భిన్న దేశాలవారు ఒకరితో ఒకరు ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు ఏ ధ్వనులు తప్పితే అర్థం చెడుతుందో జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో విశ్లేషించారు. టీచర్లు ఎంతో శ్రమపడి నేర్పే ‘థ’ వంటి ధ్వనులు కాస్త తప్పినా అర్థం చెడదని, అచ్చుల నిడివి, మాట మొదట్లోని హల్లుల గుంపు, వాక్యంలో ప్రధానమైన ఊనిక తప్పితే చెడుతుందని ఆమె చూపించారు. ఎవరి యాసనో అనుకరించడం కంటే అర్థమయ్యేలా మాట్లాడటాన్నే లక్ష్యంగా పెట్టుకోవాలని నేనూ నమ్ముతాను.

శిక్షణలో నేను ఒప్పుకోలేకపోయిన విషయం తరగతిలో మాతృభాష పట్ల చూపే కట్టడి. దీనికి ఒక చరిత్ర ఉంది. 1961లో ఉగాండాలోని మకెరెరేలో, ఇంగ్లీషును రెండో భాషగా నేర్పడం గురించి కామన్‌వెల్త్ దేశాల సమావేశం జరిగింది. ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పాలి, పుట్టుకతో ఆ భాష వచ్చినవారే ఆదర్శ టీచర్లు, ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది, ఎంత ఎక్కువ నేర్పితే అంత మంచిది, ఇతర భాషలు వాడితే ప్రమాణాలు పడిపోతాయి అనే ఐదు నమ్మకాలు అక్కడి నుంచి బలపడ్డాయని రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో రాశారు, ఐదూ అపోహలేనని వాదించారు. వేర్వేరు భాషలవారు కలిసి కూర్చున్న తరగతిలో ఇంగ్లీషు తప్ప ఉమ్మడి భాష ఉండదు కాబట్టి అక్కడ ఆ కట్టడి అవసరం నుంచి వచ్చింది. అందరికీ ఒకే మాతృభాష ఉన్న తరగతికి దాన్ని నియమంగా మోసుకుపోవడంలో అర్థం లేదు. ఒక నిమిషంలో మాతృభాషలో తేలిపోయే సూచనను పది నిమిషాలు అభినయించి చూపిస్తే, పోయే సమయం విద్యార్థిదే.

పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవారే ఆదర్శ టీచర్లు అనే రెండో నమ్మకం ఇంకా ఉద్యోగ ప్రకటనల్లో బతికే ఉండటం నాకు బాధ కలిగిస్తుంది. స్వయంగా హంగరీ దేశస్థుడైన పీటర్ మెద్యెష్ 1990లలో ఈ విషయంపై విస్తారంగా రాస్తూ, ఇంగ్లీషును నేర్చుకుని వచ్చిన టీచర్లు తమ విద్యార్థుల ఇబ్బందులను ముందుగా పసిగట్టగలరని, భాష నేర్చుకోవడంలో వారే విద్యార్థులకు నమూనాగా నిలుస్తారని చెప్పారు. లెసన్ ప్లాన్‌లోని ఇబ్బందుల గడి నింపేటప్పుడు నేను దీన్ని ప్రతిసారీ గమనించాను. ‘ఎ’, ‘ద’ ఎక్కడ పెట్టాలో చిన్నప్పుడు పడిన అయోమయం నాకు ఇప్పటికీ గుర్తుంది. అవి లేని భాష నుంచి వచ్చినవారికి ఏది ఎందుకు వింతగా తోస్తుందో నేను ఊహించనక్కర్లేదు.

పద్ధతుల విషయంలో నాకు దారి చూపినవారు ఇంగ్లీషు బోధనా నిపుణులు ఎన్.ఎస్. ప్రభు. 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారతదేశంలోని పాఠశాలల్లో ఆయన నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో వ్యాకరణ పాఠాల వరుసను పక్కనపెట్టి, రైళ్ల సమయ పట్టికలు, పటాలు వంటివి ఇచ్చి పిల్లల చేత ఆలోచించవలసిన పనులు చేయించారు. మనసు అర్థం మీద ఉన్నప్పుడే భాష నిర్మాణం లోపల అమరుతుందన్నది ఆ ప్రయత్నానికి ఆధారం. అంతటి ప్రయోగం చేసిన మనిషే 1990లో రాసిన వ్యాసంలో, అన్నిటికన్నా ఉత్తమమైన పద్ధతి అంటూ ఒకటి లేదని వాదించారు. తన బోధన వల్ల నేర్చుకోవడం ఎలా జరుగుతోందో టీచర్‌కు సొంత అవగాహన ఉండి, అది నిరంతరం మారుతూ సజీవంగా ఉండటమే ముఖ్యమన్నారు. ముందు చూపించి, తర్వాత సాధన చేయించి, ఆపైన వాడించే మూడు దశల పాఠాన్నే శిక్షణలో మా చేత ఎక్కువగా రాయించారు. కొత్తవారికి ఆ చట్రం ఆసరాగా ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. దాన్నే బోధన అనుకుంటే మాత్రం ఎదుగుదల అక్కడే ఆగుతుంది.

మా కోర్సులో నాకు ఎంతో ఇష్టమైన రాతపని ఒకే ఒక్క విద్యార్థిని అధ్యయనం చేయడం. ఆ మనిషితో మాట్లాడి, రికార్డు చేసి, ఒక భాగాన్ని ధ్వని గుర్తులతో రాసి, వారి అవసరాలు తేల్చి, వారి కోసమే ఒక పాఠం తయారుచేయాలి. నేను ఎంచుకున్న విద్యార్థిని మాతృభాష వియత్నామీస్. ఆమెకు భూతకాలం రాదని తరగతిలో ఒక అభిప్రాయం ఉండేది. రికార్డును మళ్లీ మళ్లీ వింటే ‘సా’, ‘బాట్’ వంటివి సరిగ్గా పడుతున్నాయి, ‘వర్క్‌డ్’, ‘హెల్ప్‌డ్’ వంటివే తెగిపోతున్నాయి. ఆమె భాషలో మాట చివర రెండు హల్లులు కలిసి రావు. అంటే ఆమెకు కావలసింది వ్యాకరణ పాఠం కాదు, నోటికి సాధన. తర్వాతి మాట అచ్చుతో మొదలయ్యే వాక్యాలు తీసుకుని, చివరి హల్లును ఆ అచ్చుతో కలిపి పలికించాను. హల్లుకు ఆనడానికి అచ్చు దొరకగానే పలకడం సులువైంది. ఆ తర్వాత అచ్చు లేని చోట్లకు నెమ్మదిగా వెళ్లాం. ఒక మనిషి మాటను అంత శ్రద్ధగా వినే అవకాశం మామూలు తరగతిలో రాదు. ఎలా వినాలో ఒకసారి తెలిశాక మాత్రం ఆ చెవి పెద్ద తరగతిలోనూ పనిచేస్తుంది.

ఈ శిక్షణలో చేరదలచినవారు కోర్సు పేరులోని గంటల సంఖ్యను చూసి నిర్ణయించుకోవద్దు. వీడియోలు చూసి, ప్రశ్నలకు జవాబులు నొక్కితే వచ్చే ఆన్‌లైన్ సర్టిఫికెట్ల మీద కూడా 120 గంటలు అనే ఉంటుంది. నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పిస్తారా, ఎన్ని గంటలు చెప్పిస్తారు, ఆ పాఠాన్ని అనుభవం ఉన్న ట్యూటర్ మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూస్తారా, ఫీడ్‌బ్యాక్ రాతపూర్వకంగా ఇస్తారా, కనీసం రెండు స్థాయిల విద్యార్థులతో పని చేయిస్తారా అని అడగండి. చిన్నపిల్లలకు నేర్పడం, చాలా పెద్ద తరగతులను నడపడం ఈ తొలి కోర్సుల్లో పెద్దగా ఉండవు. ఆ పని చేయబోయేవారు దానికి వేరే ఏర్పాటు చూసుకోవాలి. చేరేలోగా ఎవరైనా టీచర్‌ను అడిగి వారి తరగతిలో వెనుక కూర్చోండి. కూర్చున్నంతసేపూ టీచర్‌ను కాకుండా ఒకే విద్యార్థిని ఎంచుకుని, ఆ గంటలో అతను ఎన్నిసార్లు మాట్లాడాడో, మాట్లాడబోయి ఎక్కడెక్కడ ఆగిపోయాడో రాసుకోండి.